ముందు చక్రాల సంగతి ముందు

పత్రికల్లో అప్పుడప్పుడు ఒక వార్త వస్తుంటుంది. ఫలానా ఊళ్ళో ఒక విద్యార్థి పాత సామానుతో సొంతంగా కారు తయారు చేశాడని. పక్కనే ఫోటో. కుర్రాడు స్టీరింగు పట్టుకుని నవ్వుతుంటాడు, చుట్టూ ఊరివాళ్ళు నిలబడి ఉంటారు. ఇంజను ఏ బండిది, లీటరుకు ఎన్ని కిలోమీటర్లు వస్తుంది, గంటకు ఎంత వేగం, ఖర్చెంత, అన్నీ రాస్తారు. ఒక్కటి మాత్రం రాయరు. ఆ బండి ముందు చక్రాలు ఎలా తిరుగుతున్నాయి? గతుకు వస్తే ఏం చేస్తున్నాయి?

నా అభిప్రాయం మొదటే చెప్పేస్తాను. ఇంట్లో కారు కట్టాలనుకునేవాడికి ఇంజను చివరి పని. ముందు చక్రాలను నిలబెట్టడం, వాటిని తిప్పడం మొదటి పని. ఆ పనికి కావలసిన గణితం పదో తరగతి పుస్తకంలోనే ఉంది. మనం దాన్ని పరీక్షలో మార్కులకు వాడి అక్కడే వదిలేస్తున్నాం. ఇది నాకు నచ్చడం లేదు.

ఎందుకు ఇంత పట్టుగా చెబుతున్నానో వినండి.

నేను పుట్టి పెరిగింది సికిందరాబాదు లాలాగూడలో, రైల్వే క్వార్టర్లలో. మా నాన్న క్యారేజి వర్కుషాపులో ఫిట్టరు. 1982 వేసవి సెలవుల్లో నేనూ, నా స్నేహితులు ముగ్గురూ కలిసి బేరింగుల బండి చేశాం. మీలో చాలామంది చూసే ఉంటారు. ఒక పొడుగాటి చెక్క, వెనక అడ్డంగా ఒక చెక్క, ముందు అడ్డంగా ఇంకొకటి, నాలుగు మూలలా పాత ఇనుము దుకాణంలో కొన్న నాలుగు బేరింగులు. ముందు చెక్కను నడిమధ్య ఒకే బోల్టుతో బిగిస్తారు. దాని రెండు చివరలకూ తాడు కట్టి, గుర్రపు పగ్గంలా పట్టుకుని కూర్చుంటే అదే స్టీరింగు. మా క్వార్టర్ల వెనక వాలు రోడ్డు ఉండేది. మూడు రోజులు మహారాజుల్లా తిరిగాం. నాలుగో రోజు మలుపు దగ్గర మా స్నేహితుడు తాడు గట్టిగా లాగాడు. బండి పల్టీ కొట్టింది. వాడి మోచెయ్యి విరిగింది. అది ఇప్పటికీ పూర్తిగా చాపుకోదు.

ఆ సాయంత్రం నాన్న కొడతాడనుకున్నాను. కొట్టలేదు. బండిని ముందర వేసుకుని తాడు లాగి చూశాడు. "ఏరా, ముందు చెక్క తిరిగితే బండికి కాళ్ళు ఎంత దగ్గరికొచ్చాయో చూశావా?" అన్నాడు.

అప్పుడు నాకు అర్థం కాలేదు. మీకు అర్థమవుతుంది. ముందు చెక్క పొడవు 50 సెంటీమీటర్లనుకోండి. తిన్నగా ఉన్నప్పుడు ముందు చక్రాల మధ్య వెడల్పు 50. చెక్క 60 డిగ్రీలు తిరిగితే, బండికి అడ్డంగా కొలిచిన వెడల్పు 50ని కొసైన్ 60తో గుణించినంత. అంటే 25. నాలుగు కాళ్ళ పీట కాస్తా దాదాపు ముక్కాలి పీట అయింది. పైన కూర్చున్నవాడి బరువేమో మలుపులో బయటికి తోస్తుంది. పల్టీ కొట్టక ఏం చేస్తుంది?

ఇది మా నలుగురి తెలివితక్కువే కాదు. మనుషులు చాలా కాలం ఈ చిక్కుతోనే బతికారు. మన ఎద్దుబండికి రెండే చక్రాలు, కనుక ఎద్దులు ఎటు తిరిగితే బండి అటు తిరుగుతుంది. గుళ్ళలోని పెద్ద రథాలకు నాలుగో అంతకన్న ఎక్కువో చక్రాలుంటాయి, కానీ ఇరుసులు తిరగవు. అందుకే రథోత్సవంలో చక్రాల కింద చెక్క దిమ్మలు పెట్టి, ఒక పక్కకు ఒరిపించి, నెమ్మదిగా మళ్ళిస్తారు. నాలుగు చక్రాల గుర్రపుబండ్లకు ముందు ఇరుసు మొత్తం నడిమధ్య కీలు మీద తిరిగేది. సరిగ్గా మా బేరింగుల బండి లాగే! అవీ మలుపుల్లో బోర్లా పడేవి.

దీనికి విరుగుడు ఏమిటంటే, ఇరుసు మొత్తాన్ని తిప్పకుండా, దాని రెండు చివర్లలో చక్రాలను మాత్రం విడివిడిగా తిప్పడం. అప్పుడు కాళ్ళు దగ్గరికి రావు. దీన్ని తయారు చేసినవాడు జర్మనీలో మ్యూనిక్ నగరపు బండ్ల నిపుణుడు లాంకెన్‌స్పెర్గర్. లండన్‌లో అతని తరఫున 1818లో పేటెంటు తీసుకున్నవాడు అకర్‌మన్. లోకమంతా నేటికీ దాన్ని అకర్‌మన్ స్టీరింగు అనే పిలుస్తుంది. కష్టం ఒకరిది, పేరు ఇంకొకరిది. అంతకు అర్ధ శతాబ్దానికి పైగా ముందే, చార్లెస్ డార్విన్‌కు తాతగారైన ఎరాస్మస్ డార్విన్ తన గుర్రపుబండి కోసం ఇలాంటి ఆలోచనే చేశాడు.

కారును లోకానికిచ్చిన కార్ల్ బెంజ్ కూడా ఇక్కడే తటపటాయించాడు. 1886లో పేటెంటు పొందిన ఆయన మొదటి బండికి చక్రాలు మూడే. నాలుగు చక్రాల బండిని మళ్ళించే మంచి పద్ధతి ఆయనకు అప్పటికి దొరకలేదు. ముందు ఒకే చక్రం పెడితే ఆ బాధ లేదు కదా! మన ఆటోరిక్షాకు ఇవాళ్టికీ అదే సౌకర్యం, పల్టీ కొట్టే గుణం కూడా దానితోపాటే వచ్చింది. బెంజ్ తన నాలుగు చక్రాల స్టీరింగుకు పేటెంటు తీసుకున్నది 1893లో. నిజాం రైల్వేవారు మా లాలాగూడ వర్కుషాపును మొదలుపెట్టింది కూడా ఆ సంవత్సరమే. ఇంజను చేయగలిగిన మనిషికి ముందు చక్రాలకు ఇంకో ఏడేళ్ళు పట్టిందన్నమాట!

ఇక అసలు కిటుకుకు వద్దాం. రెండు చక్రాలనూ ఒకే కోణంలో తిప్పితే సరిపోదు. మలుపు తిరిగేటప్పుడు నాలుగు చక్రాలూ ఒకే కేంద్రం చుట్టూ వృత్తాలు గీయాలి. లోపలి చక్రం చిన్న వృత్తం, బయటి చక్రం పెద్ద వృత్తం. కాగితం తీసుకోండి. ముందు ఇరుసుకూ వెనక ఇరుసుకూ మధ్య దూరం 2 మీటర్లు, ముందు చక్రాలు తిరిగే కీళ్ళ మధ్య దూరం 1.2 మీటర్లు అనుకుందాం. మలుపు కేంద్రం వెనక ఇరుసు గీత మీదే, బండి మధ్య నుంచి 4 మీటర్ల దూరంలో ఉందనుకోండి. లోపలి చక్రం తిరగవలసిన కోణానికి టాంజెంటు 2ను 3.4తో భాగించినంత. అంటే ముప్పైన్నర డిగ్రీలు. బయటి చక్రానికి 2ను 4.6తో భాగించండి. ఇరవైమూడున్నర డిగ్రీలు. తేడా 7 డిగ్రీలు! ఈ తేడా లేకపోతే రెండు చక్రాల్లో ఒకటి దొర్లకుండా ఈడ్చుకుపోతుంది. టైరు అరుగుతుంది, బండి మలుపులో మొరాయిస్తుంది.

ఆ తేడాను తెచ్చేది చక్రాల వెనక ఉండే చిన్న చేతులు, స్టీరింగు ఆర్ములు. వాటిని సమాంతరంగా కాక కొంచెం లోపలికి వంచి పెడతారు. రెండు చేతుల గీతలనూ వెనక్కు పొడిగిస్తే అవి ఉజ్జాయింపుగా వెనక ఇరుసు మధ్యలో కలవాలి. నిజం కార్లలో దీన్ని అవసరాన్ని బట్టి కొంచెం అటూ ఇటూ మారుస్తారు. కానీ మొదటిసారి కట్టేవాడికి ఈ సూత్రం చాలు.

మా రైలు పెట్టెకు ఈ బాధ ఎందుకు లేదని మీరు అడగవచ్చు. రైలు చక్రాలు రెండూ ఇరుసుకు బిగిసిపోయి ఉంటాయి, అసలు విడిగా తిరగవు. అందుకని చక్రం అంచును శంఖువు ఆకారంలో, 20కి 1 వాలుతో చెక్కుతారు. మలుపులో జత మొత్తం బయటికి జరిగితే బయటి చక్రం తన పెద్ద వ్యాసం మీద, లోపలి చక్రం చిన్న వ్యాసం మీద దొర్లుతాయి. ఎంత చక్కని ఉపాయం! అయితే అది పనిచేయాలంటే కొలత తప్పకూడదు. బ్రాడ్‌గేజి మీద రెండు చక్రాల లోపలి ముఖాల మధ్య దూరం 1600 మిల్లీమీటర్లు, ఒకటి రెండు మిల్లీమీటర్ల తేడాకు మించి ఒప్పుకోరు. మా నాన్న ఆ గేజి కడ్డీ గురించి దేవుడి పటం గురించి మాట్లాడినట్టు మాట్లాడేవాడు. ఇంట్లో కారు కట్టేవాళ్ళలో ఎంతమంది అలా కొలుస్తారు? కంటితో చూసి "సమానంగానే ఉంది" అనేస్తారు.

కిందటి చలికాలం జరిగిన సంగతి చెబుతాను. నా దగ్గర చదువుకుని పైచదువుకు వెళ్ళిన ముగ్గురు కుర్రాళ్ళు లాలాగూడలోనే ఒక రేకుల షెడ్డులో చిన్న కారు కడుతున్నారు. ఇనుప గొట్టాలతో చట్రం వాళ్ళే వెల్డింగు చేశారు. ముందు భాగం సామానంతా పాత మారుతి 800ది. షాకబ్జర్లు, కింది ఆర్ములు, స్టీరింగు రాక్, అన్నీ. మంచి సామానే. కానీ మారుతి 800కు ఇరుసుల మధ్య దూరం 2175 మిల్లీమీటర్లు, వీళ్ళ చట్రానికి 1700. అంటే స్టీరింగు ఆర్ములు చూపిస్తున్న చోట వీళ్ళకు వెనక ఇరుసు లేదు. అది చిన్న తప్పు. నెమ్మదిగా తిరిగితే టైరు కీచుమంటుంది, అంతే. పెద్ద తప్పు ఇంకొకటి ఉంది. పెడళ్ళ దగ్గర కాళ్ళకు చోటు చాలలేదని స్టీరింగు రాక్‌ను ఉండవలసిన ఎత్తు కన్న 6 సెంటీమీటర్లు పైకి బిగించారు.

మైదానంలో నడిపి చూస్తామంటే నేనూ వెళ్ళాను. గంటకు పాతిక కిలోమీటర్లు ఉంటుందేమో. ఎడమ చక్రం ఒక మట్టి గడ్డ ఎక్కింది. నడిపేవాడు స్టీరింగు కదల్చలేదు. బండి తనంతట తానే కుడికి తిరిగి వేపచెట్టు కేసి వెళ్ళింది. బ్రేకు అందింది కనుక సరిపోయింది. "సార్, నేను తిప్పలేదు సార్!" అని ఆ పిల్లవాడు పదిసార్లు చెప్పాడు. నిజమే, వాడు తిప్పలేదు. తిప్పింది పైథాగరస్.

ఎలాగో చూడండి. చక్రాన్ని కింద పట్టుకున్న ఆర్ము పొడవు 300 మిల్లీమీటర్లు, రాక్ చివర నుంచి చక్రానికి వెళ్ళే టై రాడ్ పొడవు కూడా 300 అనుకుందాం. రెండూ మొదట నేలకు సమాంతరంగా ఉన్నాయి. చక్రం 50 మిల్లీమీటర్లు పైకి లేస్తే, రెండింటి బయటి చివరా వృత్తచాపం మీద కదులుతుంది. 300 కర్ణం, 50 నిలువు భుజం. అడ్డభుజం 295.8. అంటే రెండూ 4.2 మిల్లీమీటర్లు లోపలికి వచ్చాయి. రెండూ సమానంగా వచ్చాయి కనుక చక్రం తిరగదు.

ఇప్పుడు రాక్‌ను 60 మిల్లీమీటర్లు పైకి ఎత్తండి. టై రాడ్ లోపలి చివర పైన, బయటి చివర కింద. అడ్డభుజం 293.9. చక్రం 50 పైకి లేస్తే ఎత్తు తేడా 10కి తగ్గుతుంది, అడ్డభుజం 299.8 అవుతుంది. అంటే టై రాడ్ చక్రాన్ని 5.9 మిల్లీమీటర్లు బయటికి నెడుతోంది, అదే సమయంలో కింది ఆర్ము 4.2 మిల్లీమీటర్లు లోపలికి లాగుతోంది. కలిపితే 10 మిల్లీమీటర్లకు పైమాట. వెనక్కు చూస్తున్న స్టీరింగు ఆర్ము పొడవు 120 అయితే చక్రం దాదాపు 5 డిగ్రీలు దానంతట అదే తిరిగిపోతుంది. ఆర్ము వెనక ఉంది, దాన్ని బయటికి నెడితే చక్రం ముందు అంచు లోపలికి వస్తుంది. ఎడమ చక్రం లోపలికి తిరిగితే బండి ఎటు పోతుంది? కుడికి. వేపచెట్టు అక్కడే ఉంది!

గంటకు 25 కిలోమీటర్లంటే సెకనుకు 7 మీటర్లు. మనిషి తేరుకోవడానికి ఒక సెకను పడితే, ఆ 7 మీటర్లూ బండి తన ఇష్టప్రకారం వెళ్తుంది. గంటకు 60 దాకా వెళ్ళేదాకా ఈ తప్పు బయటపడకపోతే ఏమయ్యేదో నేను రాయను.

ఈ లెక్క ముగ్గురికీ వచ్చు. పదో తరగతిలో ముగ్గురికీ గణితంలో మంచి మార్కులే. రాక్ బిగించేటప్పుడు మాత్రం అది ఒక్కరికీ గుర్తు రాలేదు. తప్పు వాళ్ళది కాదంటాను. త్రిభుజాన్ని నల్లబల్ల మీద నుంచి దించి చట్రంలో చూపించని మాలాంటివాళ్ళది.

మీరు దీన్ని బల్ల మీదే చూడవచ్చు. దళసరి అట్టతో 15 సెంటీమీటర్ల పట్టీలు రెండు కత్తిరించండి. ఒక నిలువు అట్టముక్క చక్రం అనుకోండి. గుండుసూదులతో కీళ్ళు పెట్టండి. పై పట్టీ లోపలి సూదిని 3 సెంటీమీటర్లు పైకి మార్చి, చక్రాన్ని రెండున్నర సెంటీమీటర్లు ఎత్తి, పట్టీ చివర ఎంత జరిగిందో స్కేలుతో చూడండి. నేను చెప్పిన లెక్కలో సగం వస్తుంది. అసలు బండి మీద కూడా పరీక్ష ఇలాంటిదే. స్ప్రింగు విప్పి, స్టీరింగును కదలకుండా కట్టేసి, జాకీతో చక్రాన్ని కొంచెం కొంచెం ఎత్తుతూ, ప్రతిసారీ టైరు ముందు అంచునూ వెనక అంచునూ కొలవాలి. ఇది ఖర్చు లేని పని. ఓపిక కావాలి, అంతే.

ఇంకో మూడు కొలతలున్నాయి. ఒకటి, రెండు చక్రాల ముందు అంచుల మధ్య దూరానికీ వెనక అంచుల మధ్య దూరానికీ తేడా. మెకానిక్కులు టో అంటారు. టైరు చుట్టూ సుద్దగీత గీసి, ఒక కర్రతో ముందూ వెనకా కొలిస్తే సరి. తేడా ఒకటి రెండు మిల్లీమీటర్లకు మించకుండా ఉంచుతారు. రెండోది క్యాంబరు, చక్రం నిలువుగా ఉందా పక్కకు వాలిందా అన్నది. మూడోది క్యాస్టరు. ఇది మీ సైకిలులోనే ఉంది. సైకిలును సీటు దగ్గర మాత్రం పట్టుకుని ముందుకు నెట్టండి. హ్యాండిలు తిన్నగా ఉంటుంది. అలాగే వెనక్కు లాగండి. గిరుక్కున తిరిగిపోతుంది! ముందు ఫోర్కు వాలుగా ఉంటుంది కదా, ఆ గీతను నేల దాకా పొడిగిస్తే అది టైరు నేలను తాకే చోటుకు కొంచెం ముందు పడుతుంది. అంటే టైరు ఆ గీత వెనకాల, తల్లి కొంగు పట్టుకున్న పిల్లవాడిలా వస్తుంది. కారు ముందు చక్రం తిరిగే కీలును కూడా పైభాగం వెనక్కు కొద్ది డిగ్రీలు వాల్చి పెడతారు. మలుపు అయ్యాక స్టీరింగు దానంతట అది తిన్నగా రావడంలో దీని పాత్ర పెద్దది.

నా సహోపాధ్యాయులొకరు ఇదంతా విని, "పిల్లలకు ఈ బండ్ల పిచ్చి ఎందుకండీ, ఇంజనీరింగులో చేరితే వాళ్ళే నేర్చుకుంటారు" అన్నారు. నేను ఒప్పుకోను. బేరింగుల బండి చేయడానికి మేము ఇంజనీరింగు కాలేజీ దాకా ఆగామా? పిల్లలు ఎలాగూ కడతారు. కొలిచి కట్టడమా, కంటితో కట్టడమా అన్నదే మన చేతిలో ఉంది. 2016లో మొదలైన అటల్ టింకరింగ్ ప్రయోగశాలలు చాలా బడుల్లో ఉన్నాయి. ఎలక్ట్రానిక్ కిట్లు, త్రీడీ ప్రింటర్లు వచ్చాయి. మంచిదే. ఆ మూల ఒక పాత కారు ముందు భాగం, చక్రాలతో రాక్‌తో సహా, ఇనుప బల్లకు బిగించి పెట్టమంటాను. పాత ఇనుము ధరకే దొరుకుతుంది. త్రికోణమితి పాఠం రోజున పిల్లలను దాని చుట్టూ నిలబెట్టండి.

హైదరాబాదు బహదూర్‌పురాలో సుధాకార్స్ మ్యూజియం ఉంది. సుధాకర్ గారు బూటు, బంతి, క్రికెట్ బ్యాటు ఆకారాల్లో చేసిన నడిచే బండ్లన్నీ అక్కడున్నాయి. 2005లో 41 అడుగుల 7 అంగుళాల ఎత్తు మూడు చక్రాల సైకిలు చేసి గిన్నిస్ రికార్డు పొందినవారు ఆయనే. అక్కడికి వెళ్ళినవాళ్ళంతా బండి ఆకారం చూసి ఫోటో దిగి వస్తారు. మీరు వెళితే కొంచెం వంగి చూడండి. ఆ బూటు ఎలా మళ్ళుతుందో కనుక్కోండి.

ఒక మాట గట్టిగా చెప్పాలి. ఇంట్లో కట్టిన బండిని రోడ్డు మీదికి తేకూడదు. 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం రిజిస్ట్రేషను లేని బండి రోడ్డెక్కడానికి వీల్లేదు, పద్ధెనిమిదేళ్ళు నిండని మీకు కారు నడిపే లైసెన్సూ రాదు. దీన్ని అన్యాయం అనేవాళ్ళున్నారు. నేను అనను. రోడ్డు మీద ఎదురుగా వచ్చేవాడు మీ రాక్ ఎత్తు సరిచూసి బయల్దేరలేదు. మూసిన మైదానం, హెల్మెటు, తక్కువ వేగం, పక్కన ఒక పెద్దవాళ్ళు. అంతవరకే.

మా కుర్రాళ్ళు ఆ తర్వాత రెండు నెలలు ఇంజను జోలికి పోలేదు. రాక్‌ను కిందికి దించారు. స్టీరింగు ఆర్ములను తమ చట్రం కొలతకు తగిన కోణంలో, పని తెలిసిన వర్కుషాపులో కొత్తవి చేయించారు. పాతవాటిని వేడిచేసి వంచుతామంటే నేను వద్దన్నాను, అక్కడి ఉక్కు బలం పోతే కంటికి కనిపించదు. జాకీతో చక్రాన్ని 50 మిల్లీమీటర్లు ఎత్తినా ఇప్పుడు టైరు అంచుల తేడా ఒక మిల్లీమీటరు దాటడం లేదు. ఆ కొలతలన్నీ సుద్దతో షెడ్డు గోడ మీద రాసి ఉంచారు. అయితే రాక్ కిందికి వచ్చాక కాళ్ళకు చోటు మళ్ళీ చాలడం లేదు. ముగ్గురిలో పొడుగువాడి మోకాళ్ళు స్టీరింగుకు తగులుతున్నాయి. సీటు వెనక్కు జరపాలంటే చట్రంలో ఒక గొట్టం కోసి మళ్ళీ అతకాలి. ఈ ఆదివారం ఆ పని పెట్టుకున్నారు, నన్ను కూడా రమ్మన్నారు.